మనిషి లేని మగ్గం చప్పుడు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా వీధిలో మగ్గం చప్పుడు లేని ఇల్లు లేదు. ఆ చప్పుడుకు మేం ఎంత అలవాటు పడ్డామంటే, అది ఆగితేనే తలెత్తి చూసేవాళ్ళం. ఆ ఏడు మాత్రం, ఆగిపోవలసిన ఒక మగ్గం ఆగలేదు.

పక్కింటి అక్క భర్త ఆ వేసవిలో పాము కరిచి చనిపోయాడు. చేను దగ్గర పడిపోయినవాణ్ణి ఎద్దులబండిలో తెచ్చి అరుగు మీద పడుకోబెడితే, నోటి వెంట తెల్లటి నురగ రావడం వీధి వీధంతా చూసింది. ఆ ఇంట్లో ఇక మిగిలింది అక్క, ఆమె మామగారు. పెద్దాయన చేతులు వణుకుతుండడంతో నేత మానేసి చాలా కాలమైంది. మా వీధి ఆడవాళ్ళు రాట్నం తిప్పేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, మగ్గానికి నిలువుగా పట్టే పడుగు దారాలకు గంజి పెట్టేవాళ్ళు. మగ్గం మీద కూర్చుని నేసేది మాత్రం మగవాళ్ళే. అక్క ఒక పొద్దున కొంగు నడుముకు బిగించి భర్త తావులో కూర్చుంది. ఇల్లు గడవడానికి ఆమెకు తెలిసిన దారి అదొక్కటే.

మావి గుంట మగ్గాలు. నేసేవాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి చెక్కలు తొక్కుతాడు. మా ఎండకు నూలు పెళుసెక్కి తెగిపోతుంది కాబట్టి గుంట గోడలకు రోజూ నీళ్ళు చిలకరించేవాళ్ళు, పక్కనే రాతితొట్టి నింపి ఉంచేవాళ్ళు. బయట నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి నోళ్ళు తెరుచుకున్నా, ఆ గుంటలు మాత్రం చీకటిగా, చల్లగా, తడిగా ఉండేవి.

తొలివాన పడిన సాయంత్రం అక్క మా వాకిట్లో నిలబడి మా అమ్మతో మాట్లాడుతోంది. ఆమె ఇంట్లోంచి చప్పుడు మొదలైంది. టక, టక, టకటకటక. నూలు మోసే నాడె ఆ కొసకూ ఈ కొసకూ కొట్టుకుంటున్నట్టే ఉంది. అక్క చేతిలోని చెంబు జారిపోయింది. దీపం పట్టుకుని అందరం లోపలికి పోయాం. చప్పుడు లేదు. పడుగు దారం ఒక్కటీ కదలడం లేదు, నాడె అక్క పెట్టినచోటే ఉంది. వెనుదిరిగి గడప దాటామో లేదో, మళ్ళీ మొదలైంది.

"వాడే," అన్నాడు పెద్దాయన. "వాని తావులో ఆడమనిసి కూసుంటే ఊరుకుంటాడా?"

అమావాస్యనాడు గుంట పూడ్చేయాలనీ, అక్కను హొళగుందలో పుట్టింటికి పంపేయాలనీ పెద్దాయన తీర్మానించాడు. అక్కడ ఆమె కోసం ఎవరూ ఎదురుచూడడం లేదని అందరికీ తెలుసు. సాయంత్రమైతే చాలు, మా ఇంటికి వచ్చి మా అమ్మ పక్కన ముడుచుకుని కూర్చునేది.

ఆదోని పత్తి మిల్లులో గుమాస్తాగా పనిచేసే మా మామ, అమ్మకు తమ్ముడు, సెలవు పెట్టి వచ్చాడు. దయ్యాలు లేవని సభల్లో వాదించి వాదించి గొంతు పోగొట్టుకున్న మనిషి. ఇది ఎవడో ఆకతాయి చేస్తున్న పని అని తేల్చేసి, గుంట చుట్టూ ముగ్గుపిండి పరిచి, తలుపుకు గొళ్ళెం పెట్టి గడపలో కూర్చున్నాడు. పొద్దుగూకగానే మగ్గం మోగింది. మామ గొళ్ళెం తీసి లోపలికి దూకాడు. పిండి మీద ఒక్క అడుగు లేదు.

దానితో భయం పోలేదు సరికదా, రెండింతలైంది.

"సూసినారా? కాళ్ళు లేనోడు నేస్తాండాడు!" అన్నారు వాకిట్లో. "ఏమప్పా, మీ సబలో సెప్పు ఇప్పుడు!" అని ఇంకెవరో ఎత్తిపొడిచారు. నేను మామ చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆ చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

తెల్లవారి నీళ్ళకు వంగిన అక్క కెవ్వున అరిచింది. తొట్టి లోపలి గోడకు, నీళ్ళకు కాస్త పైన, పిడికెడంత తెల్లటి నురగ అంటుకుని ఉంది. పెద్దాయన అక్కడే కూలబడిపోయాడు. అరుగు మీద ఆనాడు చూసిన నురగ అందరి కళ్ళలోనూ మెదిలింది. అమావాస్యదాకా ఎందుకని వీధివాళ్ళు పారలు తెచ్చారు. మామ గుంటకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇదేందో నాకు తెలీదు," అన్నాడు.

"తెలీనోనివి పక్కకు జరుగప్పా!"

"నాకు తెలీదు, మీకూ తెలీదు. తెలీని దాని మీద మన్నెయ్యడం ఏం న్యాయం? మీరనుకునింది అమావాస్యే గదా. ఆ పొద్దుదాకా ఆగండి. తొట్టి మాత్రం ఎవురూ ముట్టద్దు."

అంతకుముందు ఏ సభలోనూ మామ నోటివెంట తెలియదన్న మాట నేను వినలేదు. పెద్దాయన మామ ముఖంలోకి చూసి, పారలు బయట పెట్టమన్నాడు.

నురగ పైపొర గోధుమరంగుకు తిరిగి గట్టిపడింది. సాయంత్రాలు మగ్గం మోగుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం అక్కా నేనూ దూరంగా నిలబడి తొట్టివైపు చూస్తుండగా నురగ కదిలింది. లోపల ఏదో ఊపిరి పీలుస్తున్నట్టు ఉబ్బి, తగ్గి, మళ్ళీ ఉబ్బింది. అడుగు చీలి నల్లటి చుక్క ఒకటి నీళ్ళలోకి జారింది. దాని వెనక మరొకటి. చుక్కలు తోకలాడించుకుంటూ ఈదసాగాయి.

"అన్నా, రా అన్నా! కప్పపిల్లలు!" అని అక్క మామను గట్టిగా పిలిచింది.

వీధి నమ్మలేదు. కప్ప నీళ్ళలో గుడ్లు పెడుతుంది గానీ గోడకు పెడుతుందా? మామకూ తెలియదు. గుంటలో చెక్కల వెనక్కి దూరగలిగినంత చిన్నదాన్ని నేనే కాబట్టి నన్ను దించాడు. "కప్ప కోసం ఎతకద్దు పాపా, అదెట్టుంటాదో మనకు తెలీదు. గోడంతా సెయ్యి పెట్టి తడుముకుంటా రా," అన్నాడు.

చీకట్లో సున్నపుగోడ తడుముకుంటూ పోయాను. తొక్కుడుచెక్క వెనక నా అరచేతి కింద గోడ మెత్తబడింది. మెత్తబడిన చోట చల్లగా ఏదో కొట్టుకుంది. చెయ్యి తీసి చూస్తే, సున్నపు పెళ్ళ అనుకున్నది కన్ను తెరిచింది. నేను అరిచేలోగా అది నా మణికట్టు మీదికి దూకి అతుక్కుంది. సన్నటి కాళ్ళు, ప్రతి వేలి కొసనా పూసలాంటి గుండ్రటి బొడిపె. బయటికి తెచ్చి గోడ మీద పెడితే బల్లిలా పైకి పాకింది. కాలువగట్టున పట్టుకొచ్చిన మామూలు కప్పను పెడితే జారి పడింది.

దాన్ని వాకిట్లో గంప కింద మూసి మామ నీళ్ళు చిలకరించాడు. పొద్దుగూకింది. లోపల గుంట నిశ్శబ్దంగా ఉంది. గంప కింద నుంచి వచ్చింది: టక, టక, టకటకటక.

నవ్వులు చెలరేగాయి. మామ పట్టలేని సంతోషంతో గంప ఎత్తి, "ఇదిగో పెద్దాయనా, నీ కొడుకు!" అన్నాడు.

పెద్దాయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అయితే మావోడు రాల్యా," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. అన్ని సాయంత్రాలూ ఆ ముసలాయన చప్పుడుకు భయపడుతూ కూర్చున్నాడనుకున్నాం. ఆయన చెవి ఒగ్గి కొడుకు నేత వింటున్నాడు. మామ కప్పను తీసుకుపోయి గుంటలో వదిలి, వచ్చి పెద్దాయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు. లోపల మళ్ళీ చప్పుడు మొదలైనప్పుడు మామే తల వంచుకున్నాడు.

మర్నాడు అక్క మగ్గం మీద కూర్చుంటే పెద్దాయన గడపలో నిలబడి చూశాడు. "వాడు పొడుగు. ఆ సెక్కలు నీ కాళ్ళకందవు తల్లీ. పైకి కట్టుకో," అని, వణికే చేతులతో తానే ముడి విప్పబోయాడు.

దాన్ని చెట్టుకప్ప అంటారనీ, నీళ్ళకు పైన నురగ గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుందనీ, ఎండిన సీమలో కూడా కాస్త తడి దొరికినచోట దాక్కుని బతుకుతుందనీ నేను చాలా ఏళ్ళకు తెలుసుకున్నాను. దయ్యాలు లేవని జీవితమంతా వాదించాను, ఇప్పుడూ ఒక్క అంగుళం వెనక్కి తగ్గను. కానీ ఎదుటివాడి నమ్మకం అబద్ధమని రుజువు చేసి గంప ఎత్తబోయే ప్రతిసారీ, నా మణికట్టు మీద ఆ చల్లటి వేళ్ళు అతుక్కుంటాయి. ఆగి, ఆ నమ్మకం వెనక ఎవరు కూర్చుని చెవి ఒగ్గి ఉన్నారో తడిమి చూసుకుంటాను. ఆ తరువాతే ఎత్తుతాను.