మందు కాదు, ఛీనీళ్లు

డాక్టరమ్మ చేతులకు మందపాటి రబ్బరు గ్లౌజులున్నాయి. ఎడమ చేత్తో గరాటు పట్టుకుని, కుడి చేత్తో నారింజపండు బొమ్మ ఉన్న కూల్‌డ్రింకు సీసా వంచి, అందులోని ఘాటు ద్రవాన్ని నల్ల డబ్బాలోకి ఒంపుతోంది. పళ్లు బిగించి ఒంపుతోంది. కోపంలో ఉన్నప్పుడు చుక్క కూడా ఒలక్కుండా పొయ్యడానికి ఆమెకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

"నెమ్మదమ్మా, నేల కాలుతుంది," అన్నాడు బండి బాబాయి. మూసుకుపోయిన పైపుల్ని తెరిచే ఆ ద్రవాన్ని ఈ రేకుల షెడ్డులోనే కలిపి, తోపుడుబండి మీద వీధులు తిరిగి అమ్ముతాడాయన.

"నేల కాలుతుందని తెలుసు. గొంతు కాలుతుందని తెలీదా బాబాయ్?"

ఆయన ఇంకో సీసా తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

ఆమె పిల్లల వైద్యంలో ఇంకా శిక్షణలో ఉంది. శిక్షణలో ఉన్నవాళ్లు ఆస్పత్రి గడప దాటి, ఏదో ఒక వీధిలో పిల్లల ఆరోగ్యం కోసం ఒక పని చేసి చూపించాలి. ఆమెకు ఈ వీధి పడింది. ఈ వీధి నుంచే నాలుగేళ్ల పిల్ల గొంతు కాలి వార్డుకొచ్చింది. అంతకుముందు ఆ పిల్లకు దగ్గు. "మందు తాగితే పోతుంది బంగారం," అని ఆస్పత్రిలోనే చెప్పి పంపారు. పిల్ల బుద్ధిమంతురాలు. కిటికీ కింద "మందోయ్, పైపుల మందూ!" అని కేక వినబడింది. అమ్మ కొని సింకు కింద పెట్టింది. పిల్ల వెళ్లి మందు తాగింది.

పెద్ద డాక్టరు పోస్టర్లు వేయించమన్నాడు. 'తల్లులారా, జాగ్రత్త!' అని రాయాలట. అది వినగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది. పోస్టర్లకిచ్చిన డబ్బుతో, నొక్కి తిప్పితే తప్ప మూత రాని నల్ల డబ్బాలు కొనేసింది. పొద్దున ఆయన నిలదీశాడు.

"పోస్టర్లేవమ్మా?"

"డబ్బాలయ్యాయి సార్."

"నిన్ను పంపింది అవగాహన కల్పించమని."

"ఎవరికి సార్? కూల్‌డ్రింకు సీసాలో పోసి, మందని పేరు పెట్టి, గుమ్మం ముందు అరిచినవాడికి ఒక్క పోస్టరూ లేదు. ఏడుస్తున్న తల్లికేనా జాగ్రత్తలు?"

"గొంతు తగ్గించు."

"తగ్గిపోయిన గొంతు వార్డులో ఉంది. వెళ్లి వినండి సార్," అనేసి వచ్చేసింది.

రేపు ఆ పిల్ల ఇంటికెళ్తుంది. అదే కిటికీ, అదే కేక. ఈలోగా బండి మారాలి.

ఒంపడం అయ్యాక ఖాళీ సీసాలు కడిగి, మళ్లీ ఎవరూ నింపకుండా అడుగున కత్తితో గాట్లు పెట్టింది. కుంచె తీసుకుంది.

"సీసాలంటే మార్చావు, పేరు జోలికి రాకు," అన్నాడు బాబాయి. "మా నాన్న నాటి నుంచీ ఇది మందే. మందంటేనే జనం కొంటారు."

"మందంటేనే తాగారు కూడా."

"అయితే విషమని రాసెయ్. నన్నూ ఆ డబ్బాలోనే ముంచెయ్."

"విషమంటే నాలుగేళ్ల పిల్లకేం తెలుసు?"

వార్డులో గొంతులోంచి గొట్టం తీశాక పిల్ల బొంగురుగా అన్న మొదటి మాట 'ఛీ'. డబ్బా మీద 'ఛీనీళ్లు' అని రాసింది.

"నా సరుకు మొహం మీదే ఛీ అంటావా? మా ఆవిడ కూడా ఇంత మాటనలేదు!"

"ఆవిడ తాగలేదుగా."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ పిల్ల అన్నం తింటోందా?"

"పాలు గుటక వేయడానికే ఏడుస్తోంది."

ఆయన చెయ్యి చాచాడు. "కుంచె ఇటియ్యి. డాక్టరు రాత ఎవడికర్థమవుతుంది?"

మిగతావన్నీ ఆయనే రాశాడు, 'ఛీ' మాత్రం అరచేతంత పెద్దదిగా. ఆమె ప్రతి మూతా తిప్పి చూసింది. ఒకటి వదులుగా తగిలితే మూత మార్చింది. అన్నీ బండికెక్కించి, పిడి ఆయన చేతికిచ్చింది. కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

"కేక వెయ్యి, వింటాను."

"సిగ్గేస్తుందమ్మా."

"మందని అరిచినప్పుడు వెయ్యని సిగ్గు ఇప్పుడెక్కడిది?"

బండి కదిలింది, వెనకే ఆమె. పిల్ల వాళ్ల కిటికీ కిందికి రాగానే "మం..." అని నాలిక కరుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఛీనీళ్లోయ్, ఛీనీళ్లూ!"

"ఏం నీళ్లూ?" అందొక గొంతు మేడ మీంచి.

"పైపుల్లో పోసేవి! తాగేవి కావు!"

డాక్టరమ్మ గ్లౌజులు విప్పింది.