ఫోన్లు దించమన్నది నేనే

ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి కూచిపూడి ప్రదర్శన వీడియో ఇసుక చల్లినట్టు చుక్కలు చుక్కలుగా, చీకటిగా వచ్చింది. తప్పు స్టేజి లైట్లదని అందరికీ చెప్పాను. ఆ లైట్లు చూసుకున్నది నా స్నేహితుడే. మాట పడి ఊరుకున్నాడు. జరిగింది మాత్రం ఇది.

ముందురోజు ఎండలో మావాడి సాకర్ ఆట తీస్తూ, పరుగు అలుక్కుపోకుండా షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో వెయ్యో వంతుకు పెట్టాను. హాల్లో దాన్ని యాభయ్యో వంతుకు మార్చాలి. మార్చలేదు. వెలుతురు చాలక కెమెరా ఐఎస్‌ఓను, అంటే వెలుతురును పట్టే సున్నితత్వాన్ని, తనంతట తానే పెంచుకుంటూ పోయింది. ఆ ఇసుక అందుకే. అంత పెద్ద కెమెరా ఒక్క ముక్క హెచ్చరించదు! జేబులోని ఫోన్ అడక్కుండానే ఇవన్నీ సర్దుకుంటుంది. ఆ ఫోన్లనేమో నేనే ఎత్తనివ్వలేదు.

నిన్న మా ఆవిడ తన ఫోన్లో తీసిన క్లిప్ బయటపెట్టింది. అమ్మాయి కళ్ళు, చేతి ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. స్టేజి నిండా వెలుగే.

"ఇన్నాళ్ళూ ఎందుకు చూపించలేదు?"

"ఫోన్ ఎత్తానని నన్నూ తిడతారని. ముందు సౌండ్ పెట్టి వినండి."

పాట మధ్యలో నా కేక వినిపించింది. "అంకుల్, ప్లీజ్, ఫోన్లు దించండి! నేను రికార్డ్ చేస్తున్నా కదా!"

పక్కనే చూస్తున్న అమ్మాయికి నవ్వు రాలేదు. "నాన్నా, ఇది లైట్ల అంకుల్‌కి సెండ్ చెయ్. సారీ కూడా చెప్పు."

కేకను కత్తిరించాలనిపించింది. చిరాకుపడుతూనే ఉన్నదున్నట్టు పంపి, క్షమించమని రాశాను.

వెంటనే జవాబు వచ్చింది. "లైటింగ్ అదిరింది బాస్. ఎవరు చేశారేంటి?"