గొంతు వచ్చింది, జబ్బు పోలేదు

కోవిడ్ మాస్కులు తీసేసిన ఏడాది, వరి కోతల రోజులు. ఏలూరులో నేను డాక్టరుగా ఉన్న చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌కి ఉంగుటూరు దగ్గరి పల్లె నుంచి దానియేలు గారు, ఆయన భార్య సువార్తమ్మ గారు వచ్చారు. ఆయన రైతు. వాళ్ల చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే.

"ఈయనకి గొంతు బొంగురుపోయి నెల దాటిందండి. నీళ్లు తాగినా పొలమారుతోంది," అన్నారావిడ.

ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి చూశాను. దీన్ని లారింగోస్కోపీ అంటాం. మాట్లాడేటప్పుడు గొంతులో మాట పుట్టించే రెండు వోకల్ కార్డులూ దగ్గరికి రావాలి. ఆయనకు కుడిది వస్తోంది, ఎడమది కదలడం లేదు.

"గట్టిగా పాడతారండి, అందుకేనాండీ?"

"పాడితే గొంతు వాస్తుందమ్మా, ఇలా పడిపోదు. ఆ కార్డుని కదిలించే నరం ఎక్కడో దెబ్బతింది."

ఎడమవైపు నరం తిన్నగా గొంతుకి రాదు. ఛాతీలోకి దిగి, గుండె దగ్గరి పెద్ద రక్తనాళాన్ని చుట్టి పైకొస్తుంది. థైరాయిడ్ ఆపరేషన్‌లో దెబ్బ తగలొచ్చు, వైరస్ కావచ్చు, దారిలో ఏదైనా గడ్డ నొక్కుతూ ఉండొచ్చు. ఒక్కోసారి కారణమే దొరకదు. ఈయనకు ఆపరేషన్లేవీ కాలేదు, చుట్టలు మాత్రం కుర్రతనం నుంచీ కాలుస్తున్నారు. క్యాన్సరేమోనని నాకు భయమేసింది. మెడ నుంచి ఛాతీ దాకా సీటీ స్కాన్ రాశాను.

వాళ్లు మళ్లీ రాలేదు. సంక్రాంతి దాటాక ఫోన్ చేస్తే ఆయనే ఎత్తారు. గొంతు బాగానే పలుకుతోంది.

"ప్రార్థన చేయించామండి, గొంతొచ్చేసింది. సాక్ష్యం కూడా చెప్పేశానండి."

సాక్ష్యమంటే, దేవుడు చేసిన మేలుని చర్చిలో నిలబడి అందరికీ చెప్పడం. నాకు ఒళ్లు మండింది. గొంతు రావడం అబద్ధం కాదు. కొన్నాళ్లకు కుడి కార్డు హద్దు దాటి సాగి, పడిపోయినదాన్ని అందుకుంటుంది. మాట బాగుపడుతుంది, లోపలి జబ్బు అలాగే ఉంటుంది. అదే చెప్పాను.

"స్వస్థత అయిందని ఊరందరి ముందూ చెప్పి, మళ్లీ స్కానింగ్‌కి వెళితే దేవుణ్ణి నమ్మనట్టు కాదాండీ?"

"ప్రార్థన మానమనడం లేదండీ, స్కాన్ తీయించుకోమంటున్నాను."

"అలాగేలెండి," అని పెట్టేశారు.

ఎండాకాలంలో దగ్గితే రక్తం పడుతోందని వచ్చారు. అప్పుడు తీసిన స్కాన్‌లో ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ ఉంది. నరాన్ని నొక్కేసి, కాలేయానికీ పాకింది. ఆపరేషన్ దశ దాటిపోయింది.

"అప్పుడే తీయించుంటే బతికేవారాండీ?" అని సువార్తమ్మ గారు నన్ను పక్కకి పిలిచి అడిగారు.

"చెప్పలేనమ్మా," అన్నాను. నిజంగానే చెప్పలేను.

దానియేలు గారు మాత్రం ఒకటే అన్నారు. "గొంతొచ్చిందని చెప్పాను కదండీ, జబ్బు పోలేదని కూడా నేనే చెప్పాలి." ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడ్డారట. ఆయాసానికి మాట రాకపోతే, భార్యే ఆయన చెయ్యి పట్టుకుని చెప్పారట. వానలకు ముందే ఆయన పోయారు.

ఇప్పుడు గొంతు పడిపోయి ఎవరొచ్చినా మొదటి రోజే చెబుతున్నాను, గొంతు మళ్లీ రావచ్చు, వచ్చినా స్కాన్ మానొద్దని. మొన్న దానియేలు గారి పల్లె నుంచే ఒకావిడ వచ్చింది. మాట చక్కగానే ఉంది.

"మధ్యలో గొంతు పోయి, దానంతటదే వచ్చేసిందండి," అంది. "అందుకే భయమేసి వచ్చాను."