పిన్ని జ్వరానికి సైజు లేదు

మా పిన్ని ఒళ్ళు చల్లన. ఎంత చల్లనంటే, ఎండాకాలంలో ఆవిడ పక్కన కాసేపు కూర్చోవడానికి వీధి వీధంతా వరస కట్టేది, నేను టోకెన్లిచ్చేవాణ్ణి. నన్ను నమ్మకపోతే మీ ఇష్టం, థర్మామీటరునైనా నమ్మండి. హాయిగా తిరిగే రోజున ఆవిడకు తొంభై ఆరు దాటదు.

బట్టల కంపెనీలో ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిడ పని. మొన్నామధ్య చొక్కా కాలరు మీద వేడి పెట్టె ఆనిస్తూనే గజగజ వణికింది. ఒళ్ళంతా సలుపు. సెలవు కావాలంటే గేటు పక్క గదిలో నర్సమ్మ చూసి సరేననాలి.

"తొంభై ఎనిమిదిన్నర. నార్మలేగా అక్కా!"

"అది నీకు నార్మలమ్మా. నాకు జ్వరం."

"జ్వరం కూడా ఎవరి కొలతకి వాళ్ళు కుట్టించుకుంటారా ఏంటి?"

"చొక్కాలకి లేదూ? నా సైజు వేరు."

నర్సమ్మ నవ్వింది గానీ సెలవివ్వలేదు. పిన్ని సాయంత్రం దాకా బల్లకు జారబడి ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. "నేనేమన్నా నాటకాలాడుతున్నానా?" అని గోడతో పోట్లాడింది.

పైగా వాళ్ళ సూపర్‌వైజరు వీధిలో కనబడి, "మీ పిన్ని కాస్త తేడా మనిషిలే" అన్నాడు నాతో. చదువు నన్ను భరించలేక తొమ్మిదిలోనే వదిలేసింది గానీ, సైన్సు మొత్తం నా దగ్గరే ఉండిపోయింది. అందులో తేడా అనేది తిట్టు కాదు. దేనితో పోలిస్తే తేడా అన్నదే ప్రశ్న. పిన్నిని లోకంతో పోల్చారు. ఆరోగ్యంగా ఉన్న పిన్నితో ఎవరూ పోల్చలేదు. ఎలా పోలుస్తారు? జబ్బు చేస్తేనే గానీ థర్మామీటరు బయటికి తీయరాయె.

"బాగున్నప్పుడే వెళ్ళి చూపించుకో పిన్నీ" అన్నాను.

"నీ బుర్ర కూడా అప్పుడప్పుడు పనిచేస్తుందిరోయ్!"

జ్వరం తగ్గాక, పొద్దున్నే తల దువ్వుకుని, హుషారుగా నర్సమ్మ ఎదుట కూర్చుంది. తొంభై ఆరు.

"చూశావా!" అంది పిన్ని.

నర్సమ్మ థర్మామీటరు విదిలించి మళ్ళీ పెట్టింది. ఇంకోటి తెచ్చింది. అదే అంకె.

"అమ్మో, ఇంత తక్కువా! ఇది నార్మల్ కాదక్కా. ఇంటికెళ్ళి పడుకో."

"నాకే రోగమూ లేదే తల్లీ! అది చెప్దామనే వచ్చా!"

"నువ్వు పడిపోతే నా పీకల మీదకొస్తుంది. వెళ్ళక్కా, వెళ్ళు."

ఒంటి నిండా సత్తువతో పిన్ని ఇంటికి తిరిగొచ్చింది. పళ్ళు నూరుతూ ఇస్త్రీపెట్టె తీసింది. దుప్పట్లు, కర్టెన్లు, చివరికి నేల తుడిచే గుడ్డకు కూడా మడత పడింది. ఇక ఏమీ దొరక్క నా కాలరు పట్టుకుంది.

"పిన్నీ, లోపల నేనున్నాను!"

"కదలకు. ఈ లోకంలో ఒక్కటైనా తిన్నగా ఉండాలి."