దీపాలవేళ పోయే బొమ్మ

మా అత్తగారికి నా మీద అనుమానం కలగడానికి పెద్ద కారణం అక్కర్లేదు. నాది మదురై, ఆమెది కోయంబత్తూరు పీలమేడు. రెండిళ్ళలోనూ తెలుగే అయినా, ఆమె తన అన్న కూతుర్ని కోడలిగా తెచ్చుకోవాలనుకుంటే కొడుకు పోయి నన్ను చేసుకున్నాడు. కాబట్టి పులుసులో ఉప్పెక్కువైనా నేనే, వీధిలో కరెంటు పోయినా నేనే.

మిద్దె మీద మామగారు బతికుండగా పెట్టించిన పెద్ద డిష్షు ఉంది. అందులో వచ్చే తెలుగు చానలు తప్ప అత్తగారు ఇంకేదీ చూడదు. ఒక ఎండాకాలం సాయంత్రాల్లో ఆ చానల్లో బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి మాయమవడం మొదలైంది. సరిగ్గా అప్పుడే నేను మిద్దె మీద ఉండేదాన్ని. దీపం పెట్టాక ఆరేసిన బట్ట బయట ఉండకూడదని మా ఇంటి ఆచారం. బడిలో పాఠాలు చెప్పి రాగానే కోడలు పైకెళ్ళి బట్టలూ వడియాలూ దించాల్సిందే. నేను దిగి, దీపం పెట్టి, వంట సగం చేసేసరికి బొమ్మ మళ్ళీ వచ్చేది.

అత్తగారికి ఇంకేం కావాలి?

"నీవు మిద్దె ఎక్కితే బొమ్మ పోతాది, దిగితే వస్తాది. అరవ సీరియలు చూడాలంటే నోరు తెరిచి అడగరాదా అమ్మిణీ?"

దేవుడి మీద ఒట్టేశాను. నమ్మలేదు. డిష్షు మనిషి పగలు వచ్చి, మరలన్నీ బిగుతుగా ఉన్నాయి, బొమ్మ దివ్యంగా వస్తోందని చెప్పి పోయాడు. దాంతో నా నేరం రుజువైపోయింది. నేనున్న ఇంట్లో తానుండనని, ఆదివారం బోడినాయకనూరులో కూతురింటికి పోతానని కొడుక్కి చెప్పి సంచి సర్దుకుంది. పోతే చుట్టాల్లో నా పేరేమవుతుందో నాకు తెలుసు. అత్తను తరిమేసిన మదురై కోడలు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? బడిలో ఫిజిక్సు చెప్పేదాన్ని. టీవీ ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకు మేకు కొట్టినట్టు ఒకేచోట ఉంటుందని ఏటేటా బోర్డు మీద గీసి చూపించినదాన్ని. అది కదలదు, డిష్షు నేను కదపలేదు. ఇక మిగిలిందెవరు? మిద్దె ఎక్కలేనని అత్తగారు చెప్పే మోకాళ్ళ నొప్పులన్నీ వేషాలేమో అనుకున్నాను. ఒక సాయంత్రం నీళ్ళ ట్యాంకు వెనక నక్కి కాపలా కాశాను. దోమలు తప్ప ఎవరూ రాలేదు. కిందికి వస్తే, నేను బడి నుంచి రాకముందే బొమ్మ పోయి వచ్చేసిందని మావారు చెప్పారు. పొద్దున్నే ఏదో చేసి పోతున్నానని అత్తగారి వాదన.

అప్పుడు తట్టింది నాకు. మొదట్లో దీపాలవేళ పోయేది, ఇప్పుడు కాఫీ వేళకే పోతోంది. రోజుల లెక్క వేసి చూస్తే, రోజూ నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతోంది. మనుషుల దొంగబుద్ధికి అంత క్రమం ఉండదు. అలా జరిగేవి నక్షత్రాలే.

పాత కాలేజీ పుస్తకాలు తీశాను. సూర్యుడూ చంద్రుడూ ఉపగ్రహాన్ని ఉత్తర దక్షిణాలకు లాగుతూనే ఉంటారు. నేలమీది ఇంజనీర్లు దానికున్న చిన్న ఇంజన్లు వెలిగించి దాన్ని దారిలో పెడుతుంటారు. తూర్పుకు జరపాలంటే కాస్త కిందికి దించుతారు, వేగం పెరిగి ముందుకు పోతుంది. పడమరకైతే పైకెత్తి వెనకబడనిస్తారు. ముసలిదై ఇంధనం అడుగంటితే ఉత్తర దక్షిణాల దిద్దుబాటు మానేస్తారు. ఇక అది ఊగుతూ రోజూ ఆకాశంలో ఎనిమిది అంకె గీస్తుంది. భూమిలాగే దాని చుట్టూ చుక్కల లెక్కన పూర్తవుతుంది, సూర్యుడి లెక్కన నడిచే మన రోజు కంటే నాలుగు నిమిషాలు తక్కువ. ఊగి అంచుకు పోయినప్పుడు మా డిష్షుకు అందదు.

శనివారం అత్తగారి సంచి పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ముఖంలో అనుమానం చెక్కుచెదరలేదు. ఆమె పీలమేడు పల్లెగా ఉన్ననాడు, రాత్రిళ్ళు చుక్కలు చూసి వేళ లెక్కపెట్టే మోటబావుల దగ్గర పెరిగిన మనిషి. పిల్లలకోడి చుక్కలు, అదే కృత్తికలు, రోజూ ఒకే వేళకు పొడుస్తాయా అని అడిగాను. ఎక్కడైనా ఉందా, దినానికి కొంచెం ముందుగా పొడుస్తాయి అంది. ఇదీ అంతే, ఇవాళ నిన్నటికంటే ముందే పోతుంది చూడమని టీవీ పెట్టాను. నేను ఆమె పక్కన ఉండగానే, చెప్పిన వేళకే, బొమ్మ విరిగిపోయింది.

అత్తగారు టీవీ కట్టేసింది.

"అయితే నీవు కాదులే."

"ఒట్టేసి చెప్పినప్పుడు ఎందుకు నమ్మలేదత్తా?"

"ఒట్టు ఎవురైనా వేస్తారు అమ్మిణీ. చుక్క అబద్ధమాడదు."

లేచి సంచిలోని చీరలు బీరువాలో పెట్టేసింది. గెలిచానన్న సంతోషం నాకు రాలేదు, నా ఒట్టు కంటే చుక్కే ఎక్కువైందని ఒళ్ళు మండింది. ఇంట్లో తెలుగు వినబడడం ఆమెకు ప్రాణమని తెలిసి తెలిసీ, ఆ వారమంతా ఆమెతో అరవంలోనే మాట్లాడాను.