అచ్చియమ్మ ఎర్ర పిట్ట

ఉస్లాపూర్‌లో తనను మోసం చేసినవాడు పుట్టలేదని అప్పలస్వామి చెప్పుకుంటాడు. రైల్వే షెడ్‌లో పనిచేసినన్నాళ్లూ, రిటైరయ్యాకా, కూరలవాడి తక్కెడ నుంచి పెళ్లాం కాళ్లనొప్పి దాకా అన్నిటినీ అనుమానించాడు. అచ్చియమ్మ కాళ్లు పూర్తిగా పడిపోయాక గానీ ఆ నొప్పిని నమ్మలేదు, మహానుభావుడు.

వానాకాలంలో పక్కింటి గోవిందరావు చాటుగా అమ్మేవాడి దగ్గర లాల్ మునియా అనే ఎర్ర పిట్టను కొంటే, పోటీకి ఈయనా ఒకటి కొన్నాడు. గీచిగీచి బేరమాడి తేలియా మునియా అనే ఇంకో పిట్టను కొసరుగా తెచ్చాడు. పంజరం అచ్చియమ్మ మంచం పక్కన కిటికీలో పెట్టారు.

రెండూ మునియాలే, బొటనవేలంత పిట్టలు. లాల్‌కు ఒంటినిండా ఎరుపు, దానిమీద తెల్లచుక్కలు. తెల్లారగానే గొంతెత్తేది. మంచానికి అంటుకుపోయిన మనిషికి ఆ పాటతోనే రోజు మొదలయ్యేది. తేలియా గోధుమరంగుది, పొట్టమీద చేప పొలుసుల్లాంటి మచ్చలు. దాని గొంతు కదిలేది గానీ చప్పుడు వినిపించేది కాదు. పంజరం చెవికి ఆనించుకుంటే అదీ పాడుతోందని తెలిసేది. ఆ సంగతి అచ్చియమ్మకొక్కదానికే తెలుసు.

చలి ముదిరేసరికి లాల్ వెలిసిపోయింది. తోక దగ్గర మాత్రం కాస్త ఎరుపు మిగిలింది. పిట్టలకు రంగేసి అమ్మేవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు.

"రంగేసి అంటగట్టినాడు దొంగెదవ," అన్నాడు అప్పలస్వామి.

"రంగైతే ఏటయ్యా? పాడతంది కదా. ఉండనీ."

"అచ్ఛా, నేను మోసపోయి ఊరుకోవాలన్నమాట."

మిగిలిన ఎరుపు కడిగి చూపిస్తానని బకెట్లో చాకలిసోడా కలిపి, పిట్టను ముంచి బ్రష్షుతో తోమాడు. రంగు దిగలేదు. ఇంకా తోమాడు. అచ్చియమ్మ మంచంమీంచి వద్దు వద్దని మొత్తుకుంటూనే ఉంది. లేవగలిగితే ఆ చెయ్యి విరిచేసేది. ఆరబెట్టడానికి ఎండలో పెట్టిన పిట్ట ఈకలు ఆరకముందే చచ్చిపోయింది.

మళ్లీ వానలొచ్చాయి. చలికి వెలిసిపోయిన గోవిందరావు పిట్ట పండుమిరపలా ఎర్రబడింది.

"ఏటా ఇంతేనట అన్నా, ఈకలు మార్సుకుంతాదట," అని గోడమీంచి చెప్పాడు గోవిందరావు.

కిటికీలోంచి అచ్చియమ్మా విన్నది. తప్పయిపోయిందని మొగుడు ఒక్కమాట అంటాడేమోనని సాయంత్రం దాకా చూసింది.

సాయంత్రం అతను పంజరం తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. గేటుకు వెయ్యగా మిగిలిన ఎర్ర పెయింటు తేలియాకు పూశాడు. అగ్గిపుల్లతో తెల్లచుక్కలు కూడా పెట్టాడు.

"ఇదిగో నీ ఎర్రది. ఇంక ఏడుపు ఆపు."

రెక్కలు ఒంటికి అతుక్కుపోయి పిట్ట ఒక మూల ఒరిగి ఉంది. అచ్చియమ్మ పంజరాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది. తర్వాత కింద పెట్టేసింది.

"ఆపేసినాను," అంది. "రేపు నిన్ను సాపమీద పడుకోబెట్టినా నేను ఏడవను."

ఆమె మాటను అప్పలస్వామి అనుమానించకపోవడం అదే మొదటిసారి.