దేవదారు పెట్టెకు బదులు కొండ మైనా

ఆ రోజుల్లో దేవదారు పెట్టె బేరానికి వెళ్లి కొండ మైనాతో తిరిగొచ్చిన మొనగాడు బరంపురం మొత్తానికి నేనొక్కణ్ణే. ఒరిస్సా కొత్త రాష్ట్రమైంది. మద్రాసు వైపు బదిలీ అయిన ఆఫీసర్లు సామాన్లు అమ్ముకుని పోతున్నారు. మా పట్టుచీరల కొట్టుకు దేవదారు పెట్టె కావాలని నాన్న పట్టుదల. ఆ చెక్క వాసనకు పురుగు చేరదు. "పెట్టె అట్టుకొచ్చేవంటే, రేపట్నుంచి గల్లా కాడ నువ్వే కూకో" అన్నారు. (అప్పటికి నా ఉద్యోగం, విప్పిన చీరలు మడతపెట్టడం.)

గేట్ బజారులో ఒక ఆఫీసరు గారి వంటవాడు పెట్టెనీ పంజరాన్నీ పక్కపక్కన పెట్టి రెంటికీ ఒకే ధర చెప్పాడు. కొట్లో పుట్టినవాణ్ణి కదా, తూచి చూశాను. దేవదారు ఎక్కడో హిమాలయాల మంచులో పెరిగిన చెట్టు. కొట్టేశాక నోరెత్తకుండా మూల పడుంటుంది. మైనా మన మహేంద్రగిరి వానల్లో పుట్టింది. చెవుల వెనక పసుపు రాసుకున్నట్టు ముత్తైదువలా ఉంటుంది. దేవదారు పురుగును రానివ్వదు, మైనా వచ్చిన పురుగును తినేస్తుంది. పని ఒకటే, పైగా మాటలు కొసరు!

"ఏటిరా ఇది? పెట్టె ఏదిరా?" అన్నారు నాన్న.

"ఇది పురుగుల్ని తింటాది నాన్నా."

నాన్న, చీరలు పరుస్తున్న మావయ్య వైపు తిరిగారు. "సూసేవా, నీ మేనల్లుడి తెలివి!"

మా కొట్లో ఒక పద్ధతుండేది. పొద్దుటి తొలి బేరానికి నాన్న ఎంతకీ దిగరు. కొనేవాళ్లు అలిసి లేవబోతుంటే మావయ్య "పోనీ బావా, బోణీ, ఇచ్చెయ్" అంటాడు. నాన్న బరువుగా నిట్టూర్చి ఇచ్చేస్తారు. కొట్టు వైపు నుంచి ఆ మాట వచ్చాక వెనక్కి తీసుకుంటే లక్ష్మి అలిగిపోతుందని నమ్మకం.

కొన్నాళ్లకు ఛత్రపురం నుంచి పెళ్లివారొచ్చారు. అదే బోణీ. వాళ్లలో పెద్దావిడ సిగ్గుపడకుండా సగానికి సగం అడిగింది. నాన్న ఇంకా నోరు తెరవనేలేదు. కొట్లో వేలాడదీసిన పంజరంలోంచి అచ్చం మావయ్య గొంతు: "పోనీ బావా, బోణీ, ఇచ్చెయ్!"

మావయ్య గభాలున నోరు మూసుకున్నాడు (తనే అన్నాడేమోనని).

"ఇచ్చీయండి బాబూ, మీ కొట్టు మాటే గదా" అందావిడ.

"అది పిట్టమ్మా!"

"పిట్టైతే ఏటి? మీ తిండే గదా తింటాది?"

నాన్న నన్ను చూశారు, పంజరాన్ని చూశారు, ఉన్నట్టుండి పగలబడి నవ్వారు. కళ్లు తుడుచుకుంటూనే చీరలు కట్టించారు. మర్నాడే మైనా మకాం మా వంటింటి వసారాలోకి మారింది.

అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు. లెక్క మాత్రం నిజమే చెప్పాలి. ఆ వానాకాలం రెండు మంచి చీరలకు పురుగు పట్టింది. (పళ్లు మరిగిన మైనా ఒక్క పురుగునూ కన్నెత్తి చూడలేదు.) గల్లా దగ్గర కూర్చోవడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. జమ వైపు ఉన్నదల్లా, కొట్లో నాన్న అంతలా నవ్వగా చూడటం. అదీ ఆ ఒక్కసారే. కూడితే నష్టమే. అబద్ధమెందుకు?